పదేళ్ల ఏసీని పారేయమంటున్న మెసేజీకి జవాబు

ఎండలు ముదిరేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తిరగడం మొదలవుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే: "మీ ఏసీకి పదేళ్లు దాటాయా? వెంటనే మార్చేయండి. పాత ఆర్-22 గ్యాస్‌ను ప్రభుత్వం నిషేధించింది. కొత్త 5 స్టార్ ఇన్వర్టర్ పెడితే కరెంటు బిల్లు సగమవుతుంది, రెండేళ్లలో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. అర టన్ను ఎక్కువే తీసుకోండి. పాత రాగి పైపులే సరిపోతాయి, గంటలో బిగించేస్తారు. ఏటా గ్యాస్ నింపించుకుంటే చాలు."

దీన్ని నమ్మి నలభై, యాభై వేలు ఖర్చు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే ఒక్కో మాటా విడివిడిగా చూడాలి.

"పదేళ్లు దాటితే మార్చాల్సిందే"

వయసు ఒక్కటే చూసి ఏసీని తీసేయనక్కర్లేదు. లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతూ కంప్రెసర్ మాత్రం మూలిగి ఆగిపోతుంటే, "కంప్రెసర్ పోయింది" అన్న మాటను అప్పుడే ఒప్పుకోకండి. ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీల్లో, అంటే కంప్రెసర్ ఒకే వేగంతో నడిచే ఇన్వర్టర్ కాని ఏసీల్లో, ఎక్కువసార్లు పోయేది కెపాసిటర్, కంప్రెసర్ మోటారు తిరగడానికి సాయపడే చిన్న డబ్బా. ఒకటిన్నర టన్ను యంత్రంలో అది సాధారణంగా 35 నుంచి 50 మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది. దాని మీద 45 అని ఉండి, మీటర్‌లో 42 కన్నా తక్కువ చూపిస్తే మార్చాలి. కొన్ని వందల రూపాయల పని. మీటర్ పెట్టి చూపించమని అడిగే హక్కు మీకుంది.

కంప్రెసర్ నడుస్తున్నా గది చల్లబడకపోతే ఔట్‌డోర్ కాయిల్ చూడండి. దుమ్ము, పావురాల ఈకలు, పక్క బిల్డింగు సిమెంటు పొడి పేరుకుంటే వేడి బయటికి పోదు. నీళ్లు లోపలి వైపు నుంచి బయటికి కొట్టి కడగాలి. బయటి నుంచి కొడితే మురికి ఫిన్స్ (కాయిల్ మీది పలచని రేకులు) మధ్యలోకి ఇంకా దిగుతుంది. కడిగాక పావుగంట నడిపి, ఇండోర్‌లోకి పోయే గాలికీ బయటికొచ్చే గాలికీ తేడా థర్మామీటర్‌తో కొలవండి. 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం బాగానే పనిచేస్తున్నట్టు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉక్కపోత రోజుల్లో ఈ తేడా కొంత తగ్గుతుంది. ఏసీ శక్తిలో కొంత గాలిలోని తేమను నీరుగా మార్చడానికే పోతుంది.

కంప్రెసర్ వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) కాలి బాడీకి షార్టయినా, కాయిల్ రెండు మూడు చోట్ల చిల్లులు పడి అతికించిన కొన్ని నెలలకే మళ్లీ కారుతున్నా, తొలినాటి ఇన్వర్టర్ బోర్డు ఎక్కడా దొరక్కపోయినా మార్చడమే మేలు. అప్పుడు ఇంకా రిపేరు చేయించడమే దండగ.

"ఆర్-22ని నిషేధించారు"

సగం నిజం. ఆర్-22 ఓజోన్ పొరకు చేటు చేస్తుంది కాబట్టి మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం దాన్ని 2030 నాటికి దశలవారీగా వదిలించుకుంటోంది. కొత్త యంత్రాల తయారీలో దాని వాడకం 2024 చివరితో ఆగింది. ఇంట్లో ఉన్న పాత ఏసీని నడుపుకోవడం నేరం కాదు. రిపేరుకు గ్యాస్ ఇంకా దొరుకుతుంది, పోనుపోను ధర పెరుగుతుంది. నిజంగా ప్రమాదమున్నది మరోచోట. "ఆర్-22 దొరకట్లేదు, ఆర్-32 పోసేస్తాం" అనేవాళ్లుంటారు. ఆర్-32 కొత్త ఏసీల్లో వాడే గ్యాస్. ఒప్పుకోవద్దు. ఆర్-32 ఒత్తిడి ఆర్-22 కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు పైనే. పాత కాయిల్, కంప్రెసర్ ఆ ఒత్తిడికి చేసినవి కావు. కంప్రెసర్‌లోని మినరల్ ఆయిల్ ఆ గ్యాస్‌తో సరిగా కలవదు, దాంతో నూనె తిరిగి రాక కంప్రెసర్ అరిగిపోతుంది. పైగా ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది. పాత యంత్రపు వైరింగును, రిలేలను దాన్ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు.

"బిల్లు సగం, రెండేళ్లలో డబ్బు వాపసు"

మెసేజీలో అన్నిటికన్నా ఎక్కువ మందిని పడగొట్టే మాట ఇదే. లెక్క వేసి చూద్దాం.

ఏసీ స్టార్ లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అనే అంకె ఉంటుంది: ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల చల్లదనం ఇస్తుందో అది చెబుతుంది. 2022 జూలై నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో 5 స్టార్‌కు అది కనీసం 5, 3 స్టార్‌కు 3.8 నుంచి 4.39 దాకా ఉండేది. ఈ పట్టికలను అప్పుడప్పుడూ బిగిస్తుంటారు కాబట్టి ఒక ఏటి 5 స్టార్ మరో ఏట 4 స్టార్ అవుతుంది. నక్షత్రాలు లెక్కపెట్టకుండా ఆ అంకెనే చూడండి. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసేది 1,600 గంటల వాడకానికి. ఐఎస్ఈఈఆర్ 5 దగ్గరున్న ఒకటిన్నర టన్ను యంత్రానికి అది సుమారు 750 యూనిట్లు. పదేళ్ల నాటి మామూలు ఫిక్స్‌డ్ స్పీడ్ యంత్రం ఐఎస్ఈఈఆర్ 3 దగ్గర ఉందనుకుంటే, అదే చల్లదనానికి 1,250 యూనిట్లు తాగుతుంది. తగ్గేది నూటికి 40 వంతులు, అదీ ఏసీ వాడకంలోనే. ఫ్రిజ్, గీజర్, మోటారు, ఫ్యాన్లు వాడే కరెంటు అలాగే ఉంటుంది.

మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు, రాత్రి 8 గంటల చొప్పున వాడే ఇల్లు తీసుకోండి. మొత్తం 960 గంటలు. పాతది 750 యూనిట్లు వాడే చోట కొత్తది 450 వాడుతుంది. మిగిలేది 300. పై శ్లాబులో యూనిట్ 9 రూపాయలనుకున్నా ఏడాదికి 2,700. యంత్రం, పైపులు, బిగింపు కలిపి 45,000 అయితే ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు 17 ఏళ్లు పడుతుంది. ఆలోపు కొత్త ఏసీకే వయసైపోతుంది.

పెద్దవాళ్లు పగలూ రాత్రీ ఇంట్లోనే ఉండి, తొమ్మిది నెలలు రోజుకు 12 గంటలు వాడే ఇంట్లో లెక్క వేరు. అక్కడ ఏటా వెయ్యి యూనిట్లు మిగులుతాయి, అయిదేళ్లలో ఖర్చు తిరిగొస్తుంది. కాబట్టి మీ గంటలు లెక్కపెట్టుకున్నాకే నిర్ణయించుకోండి. పాతది ఎలాగూ పాడై కొత్తది కొంటుంటే 3 స్టార్‌కు, 5 స్టార్‌కు మధ్య ధర తేడాను కూడా ఇదే పద్ధతిలో చూడండి. రాత్రి మాత్రమే వాడే ఇంటికి 3 స్టార్ ఇన్వర్టర్ చాలాసార్లు సరిపోతుంది.

"అర టన్ను ఎక్కువ తీసుకోండి"

120 చదరపు అడుగుల లోపు గదికి ఒక టన్ను, 180 దాకా ఒకటిన్నర. పై అంతస్తు స్లాబు కింద, పడమటి ఎండ గోడకు తగిలే గది అయితే కొంత కలపాలి. అంతకు మించి పెంచితే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ వెంటవెంటనే ఆగిపోతుంది, తేమ మాత్రం గాలిలోనే ఉండిపోతుంది. ఒళ్లు చల్లగా ఉన్నా జిగటగా ఉంటుంది. ఇన్వర్టర్ కూడా తన శక్తిలో పావు, మూడో వంతు కన్నా కిందికి దిగలేదు. రామగుండం, రెంటచింతల లాంటి ఎండ ఊళ్లలో టన్ను పెంచే ముందు మరో సంగతి చూడండి. లేబుల్ సామర్థ్యం బయట 35 డిగ్రీల దగ్గర కొలిచింది. 46 డిగ్రీల్లో అది తగ్గుతుంది. ఆ వేడిలో ఎంత మిగులుతుందో కంపెనీ వివరాల కాగితంలో ఉంటే అడగండి. డాబా మీద తెల్ల సున్నం కానీ కూల్ రూఫ్ పెయింట్ కానీ వేస్తే, పెంచుదామనుకున్న టన్ను అక్కర్లేకపోవచ్చు.

"పాత పైపులే సరిపోతాయి, గంటలో అయిపోతుంది"

కొత్త ఏసీలు మొదటి వేసవిలోనే చల్లదనం తగ్గడానికి ఈ ఒక్క మాటే పెద్ద కారణం.

పాత ఆర్-22 పైపుల లోపల మినరల్ ఆయిల్ పూత ఉంటుంది. కొత్త గ్యాస్‌తో వచ్చే పీఓఈ ఆయిల్ వేరు రకం, తేమను త్వరగా పీల్చుకుంటుంది. ఈ రెండూ కలిస్తే బురద కడుతుంది. కుదిరితే 0.8 మిల్లీమీటర్ల మందం రాగి పైపు కొత్తది వేయించండి. అపార్టుమెంట్లో పైపు గోడలో పూడ్చి ఉండి తీయడం కుదరకపోతే మూడు పనులు తప్పనిసరి: సైజు కొత్త యంత్రానికి సరిపోతుందో చూడటం (పాత లావు పైపు సైజు ఎంతైనా, కంపెనీ పుస్తకంలో రాసిన సైజే ఉండాలి), ఫ్లషింగ్ ద్రవంతో కడిగి నైట్రోజన్‌తో ఊదడం, రెండు చివర్లా పాత ఫ్లేర్ (జాయింటు కోసం గరాటులా విప్పిన పైపు అంచు) కోసేసి కొత్తది చేయడం. ఫ్లేర్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించాలి: పావంగుళానికి 14–17 న్యూటన్ మీటర్లు, అరంగుళానికి 50–60. బలం కొద్దీ బిగిస్తే రాగి పలచబడి చిట్లుతుంది.

తర్వాత లీకులు పట్టే నైట్రోజన్ పరీక్ష. కంపెనీ చెప్పిన ఒత్తిడికి, ఆర్-32 యంత్రాలకు ఇది సాధారణంగా 500 పీఎస్ఐ పైనే, నింపి గేజి ముల్లు కదలకుండా ఉందో చూడాలి, జాయింట్ల మీద సబ్బు నురుగు పెట్టాలి. ఆ పైన పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపు. లోపలి ఒత్తిడిని 500 మైక్రాన్ల (వాక్యూమ్ గేజి కొలత) కిందికి తెచ్చి, పంపు వైపు వాల్వు మూసి, పది నిమిషాలు నిలబడిందో చూడాలి. చాలామంది దీన్ని వదిలేసి, ఔట్‌డోర్‌లోని గ్యాస్ కొద్దిగా వదిలి పైపులోని గాలిని నెట్టేస్తారు. అందులో గాలి, తేమ కొంత మిగులుతాయి. గాలి గ్యాస్‌లా ద్రవంగా మారదు కాబట్టి ఒత్తిడి పెరిగి కరెంటు ఎక్కువ తాగుతుంది. తేమ ఆయిల్‌తో కలిసి ఆమ్లమై వైండింగును తింటుంది. 5 స్టార్ యంత్రం కొని, వాక్యూమ్ లేకుండా బిగిస్తే ఆ నక్షత్రాలకు ఇచ్చిన డబ్బు వృథా. ఈ పనులన్నీ సరిగా చేస్తే రెండు మూడు గంటలు పడుతుంది.

అదే రోజు ప్లగ్గు కూడా చూడండి. పాత 15 ఆంప్స్ సాకెట్ నల్లబడి ఉంటే మార్చండి, ఎర్తింగ్ కొలిపించండి. ఇన్వర్టర్ బోర్డు పోతే ఖర్చు వేలల్లో ఉంటుంది.

"ఏటా గ్యాస్ నింపించాలి"

ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారింది. కారేచోటు పట్టకుండా నింపితే వచ్చే ఏడు మళ్లీ అదే డబ్బు. లీకు మూసి, వాక్యూమ్ చేసి, ఔట్‌డోర్ ప్లేటు మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం మీద నింపాలి. పైపు కంపెనీ చెప్పిన పొడవు దాటితే మీటరుకు ఎన్ని గ్రాములు కలపాలో కూడా పుస్తకంలో ఉంటుంది. తూకం తేని మెకానిక్‌ని తెచ్చుకొమ్మని పంపించండి.

పాతది విప్పేటప్పుడు గ్యాస్ గాలిలోకి వదలనివ్వకండి. నడుస్తున్న యంత్రమైతే సన్న పైపు వాల్వు ముందు మూసి, గేజి సున్నా దగ్గరకు రాగానే లావు పైపుది మూసి వెంటనే స్విచ్ ఆపితే గ్యాస్ అంతా ఔట్‌డోర్‌లో చేరుతుంది. ముందే గ్యాస్ కారిపోయి ఖాళీ అయిన యంత్రం మీద మాత్రం ఇలా చేయకూడదు. కంప్రెసర్ గాలిని పీల్చి, నూనెతో కలిసి పేలే ప్రమాదం ఉంది.