పాట మధ్యలో పాఠం

టాంగో అనే జంట నాట్యం నేర్చుకుందామని బయల్దేరేవారికి ఒక శుభవార్త. గురువులకు కొరత లేదు. ఫీజు తీసుకుని నేర్పే గురువు గదికి ఒక్కరే ఉంటారు. తమ ఫీజు తాము కట్టుకుని మరీ ఎదుటివాళ్లకు నేర్పే గురువులు మాత్రం గదినిండా ఉంటారు. మీకంటే రెండు నెలలు ముందు చేరినాయన ఆచార్యుడు. నెల ముందు చేరినాయన ఉపాచార్యుడు. పోయిన వారమే చేరి, ఈ వారం మీకు జోడీగా దొరికిన పెద్దమనిషైనా సాటి శిష్యుడే కదా అనుకుంటాం. మనం అడుగు తీసేలోపే ఆయన నోటినుంచి కూడా 'అలా కాదండీ' వచ్చేస్తుంది.

మొదటిసారి టాంగోకి వెళ్లినవాళ్లకి కష్టాలు చాలానే ఉంటాయి. ముక్కూమొహం తెలియని మనిషి ఊపిరి తగిలేంత దగ్గర్లో నిలబడాలి. 'టాంగో అంటే ఏం లేదు, నడకే' అని అసలు గురువు అభయమిస్తారు. ఏడాది వయసులో వచ్చిన ఆ నడక సరిగ్గా ఆ క్షణంలోనే మరిచిపోతాం. కుడికాలు ఏదో ఎడమకాలు ఏదో కిందికి చూసి తేల్చుకుందామంటే, కిందికి చూడకూడదంటారు. ఇవన్నీ న్యాయమైన కష్టాలే. వీటిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా ఆచార్యుడి మీద.

ఆయన ఈ కళకు చేసిన సేవ అర్థం కావాలంటే చరిత్ర కొంచెం చూడాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఏరీస్, ఉరుగ్వేలోని మాంటెవిడియో రేవు వాడల్లో టాంగో పుట్టింది. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు, ఆఫ్రికా సంతతివాళ్లు, అక్కడే పుట్టి పెరిగినవాళ్లు అందరూ కలిసి దాన్ని పెంచారు. 1913లో జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్, తన సైనికాధికారులెవరూ యూనిఫాంలో టాంగో ఆడకూడదని ఆజ్ఞ వేశాడు. టాంగో దాన్ని తట్టుకుంది. 2009లో అర్జెంటీనా, ఉరుగ్వే కలిసి అడిగితే యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో దానికి చోటిచ్చింది. ఇంత దూరం వచ్చిన కళలో ఒకే ఒక్క లోటు ఉండేది. ఇందులో ఉపన్యాసం లేదు. ఆ లోటు ఆచార్యుడు తీర్చాడు. యునెస్కో జాబితాలో మౌఖిక సంప్రదాయాలకు కూడా ఒక విభాగం ఉంది కనుక, అందులో ఆయన పేరు విడిగా పరిశీలించాలని మనవి.

ఆచార్యుడి పూర్తి వైభవం చూడాలంటే మాత్రం క్లాసు చాలదు, మిలోంగాకి వెళ్లాలి. మిలోంగా అంటే టాంగో ఆడేవాళ్లంతా కలిసే సాయంత్రం. అక్కడ ఆహ్వానం నోటితో ఉండదు. దూరం నుంచే చూపు కలుపుతారు, తల కాస్త ఊపుతారు, అవతలివాళ్లూ తల ఊపితే ఒప్పుకున్నట్టు. దీన్ని కబెసేయో అంటారు. ఇష్టం లేనివాళ్లు చూపు తిప్పుకుంటే సరిపోతుంది, ఎవరి పరువూ పోదు. ఇంత నాజూకైన ఏర్పాటు ఆచార్యుడికి నచ్చదు. ఆయన నేరుగా నడిచొచ్చి, కొత్తగా వచ్చినావిడ కుర్చీ ముందు చెయ్యి చాపుతాడు. నలుగురి మధ్యా కాదనలేక ఆవిడ లేస్తుంది.

హాల్లో జంటలన్నీ గడియారం ముల్లుకి ఎదురు దిశలో, ఒకదాని వెనక ఒకటిగా చుట్టూ తిరుగుతుంటాయి. అదే రోండా. ఒక జంట ఆగితే వెనకున్నవాళ్లంతా ఆగాల్సిందే. స్పీకర్లో హువాన్ దారియెన్సో పాట మొదలైంది. 1930లలో లయ పరుగు పెంచి కుర్రకారును మళ్లీ డాన్సు హాళ్లకు లాక్కొచ్చిన మనిషి ఆయన, 'లయకు రాజు' అని బిరుదు కూడా ఉంది. ఆ సంగీతానికి కుర్చీలో కూర్చున్నవాడి మడమ కూడా ఆగదు.

ఆచార్యుడు ఆగాడు.

'ఓచో చేద్దాం' అన్నాడు. నేల మీద ఎనిమిది అంకె గీసినట్టు పాదం తిప్పుతూ వేసే అడుగులవి. ఆవిడకు రాలేదు. 'అలా కాదండీ' అని చెయ్యి వదిలి వివరణ మొదలుపెట్టాడు. వెనక జంట కాసేపు ఉన్నచోటే అటూ ఇటూ ఊగింది. దాని వెనక జంట సగం అడుగు వెనక్కేసింది. ఆ వెనకావిడ మడమ ఇంకొకాయన బూటు మీద పడింది. హాలు ఒక మూల ఖాళీ, ఒక మూల కిటకిట. ఆచార్యుడికి ఇవేమీ పట్టలేదు. యాక్సిస్, అంటే తిరిగేటప్పుడు ఒంటిని నిలబెట్టే నిలువు ఇరుసు, ఏమిటో చెబుతున్నాడు. మాటల్లో అర్థం కాలేదేమోనని తనే చేసి చూపించాడు. ఒంటికాలి మీద తిరగబోయి, తూలి, ఆవిడ భుజం పట్టుకుని నిలదొక్కుకుని, 'చూశారా, ఇలా!' అన్నాడు.

మూడు నిమిషాల పాట ఈలోగా అయిపోయింది. టాంగోలో మూడు నాలుగు పాటలు ఒక గుత్తి, తాండా అంటారు, అంతసేపూ అదే జోడీ. అంటే ఆచార్యుడికి ఇంకా సిలబస్ ఉంది. రెండో పాటలో గాల్లో వేలితో ఎనిమిది అంకె వేశాడు. ఆవిడకు అంకెలు రావని ఆయనకెవరు చెప్పారో తెలియదు. మూడో పాటకు 'చూడండి' కాస్తా 'చూడమ్మా' అయింది. నాలుగో పాటలో శ్వాస ఎలా తీసుకోవాలో చెప్పాడు. అంతవరకు ఆవిడ ఎలా బతికి ఉందో ఆయనకే ఆశ్చర్యం. ఆఖర్న కోర్టినా వచ్చింది. తాండాకీ తాండాకీ మధ్య వేసే వేరే రకం సంగీతం ముక్క అది, 'ఇక వెళ్లి కూర్చోండి' అని దాని భావం. అందరూ వెళ్లి కూర్చున్నారు. ఖాళీ హాల్లో ఆచార్యుడు, ఆవిడ, ఇంకో ముఖ్యమైన పాయింటు మిగిలారు.

బాండోనియన్ వాయించేవాళ్ల సంగతి ఒక్కసారి తలుచుకోండి. జర్మనీలో పుట్టి టాంగోకి ఊపిరైన ఆ వాద్యానికి అర్జెంటీనా పద్ధతిలో 71 బొత్తాలు. తిత్తి తెరిచేటప్పుడు ఒక స్వరం పలికిన బొత్తామే మూసేటప్పుడు వేరే స్వరం పలుకుతుంది. దాన్ని లొంగదీయడానికి ఏళ్లూపూళ్లూ పడుతుంది. వాళ్లు నోరు మూసుకుని వాయిస్తారు. రెండు నెలల ఆచార్యుడు వాళ్ల సంగీతం మీద నోరు పారేసుకుంటాడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ ఆయన నోట మరో మాట వస్తుంది: 'మీరు చాలా బరువుగా ఉన్నారండీ.'

ఓచో ఎలా జరుగుతుందో చూడండి. నడిపించేవాళ్ల ఛాతీ తిరుగుతుంది, ఆ మలుపు కౌగిలి గుండా అనుసరించేవాళ్లకు అందుతుంది, వాళ్లు ఒక పాదం మీద నిలబడి తిరుగుతారు. ఒంటి పాదం మీద నిలబడ్డ మనిషిని చేత్తో పక్కకి తోస్తే ఏమవుతుంది? తూలుతుంది. తూలిన మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు ఆచార్యుడి చేతికి బరువుగా తగులుతుంది. తోసిందీ ఆయనే, మోస్తున్నానని వాపోయేదీ ఆయనే. అనుసరించేవాళ్లు అడుగు వేయలేదంటే నడిపించేవాళ్లు అడగలేదనే అర్థమని టాంగో ఆడేవాళ్లలో ఒక పాత మాట ఉంది. అది ఆయన చెవిన పడదు, చెవులు పనిచేయాలంటే నోరు ఆగాలి.

ఆ ఒక్క మాటతో ఆవిడ మళ్లీ రాదు. తన ఒంట్లోనే లోపం ఉందనుకుని ఇంటికి వెళ్తుంది, కొన్న బూట్లు అటక మీద పెడుతుంది. పాటకీ పాటకీ మధ్య 'థాంక్యూ' అనేసి వచ్చి కూర్చునే హక్కు తనకుందని, టాంగోలో ఆ మాటకు 'ఇక చాలు' అనే అర్థమని ఆవిడకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అసలు గురువుగారు అక్కడే ఉన్నారు, అంతా చూస్తూనే ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఆయనకు స్పీకర్ వైర్లు సవరించాల్సిన పని పడింది. మగవాళ్లు తక్కువ వస్తారు కదా, ఒకణ్ని పోగొట్టుకుంటే ఎలా అని ఆయన లెక్క. ఆచార్యుడి ఫీజు నిలబెట్టడానికి ఎంతమంది ఆడవాళ్లను తరిమేశారో ఆ లెక్కలోకి రాదు. సిగ్గుండక్కర్లేదా? మనిషిని నమ్మి దగ్గరకొచ్చి కళ్లు మూసుకుని వెనక్కి నడుస్తున్నవాళ్లని ఇలాగేనా చూసుకునేది? పైగా తర్వాతి నెలలో, 'ఈ మధ్య ఆడవాళ్లు నిలకడగా రావడం లేదండీ' అని ఇద్దరూ కలిసి విచారిస్తారు.

బ్యూనస్ ఏరీస్ పాతకాలపు ఆటగాళ్లు చెప్పుకునే పద్ధతి ఒకటుంది. కుర్రాళ్లు ముందు మగవాళ్లతోనే ప్రాక్టీసు చేసేవారు. మొదట అనుసరించే పాత్ర, చాలాకాలం అదే. ఎవరైనా మోటుగా తోస్తే ఎలా ఉంటుందో తమ ఒంటికి తెలిశాకే నడిపించే పాత్ర దక్కేది. ఆ పైన మిలోంగా.

ఆ పద్ధతి ఇప్పుడు అందరికీ పెట్టమని అడగను. ఆచార్యులకు మాత్రం పెట్టండి. అనుసరించేది ఎవరన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకునేలా ఇద్దరేసి ఆచార్యుల్ని జోడీ కట్టి, చుట్టూ తిరిగేవాళ్లకి అడ్డం లేకుండా హాలు మధ్యలో వదిలేయండి. పొద్దుపోయేదాకా ఒకరికొకరు చెప్పుకోనివ్వండి.