బరువు మామూలుగా ఉంటే జబ్బు తేలికైనదేనా? – ఒక వాదోపవాదం

(బెంగళూరులోని ఒక కళాశాల కౌన్సెలరు, మనోవైద్యుడు ఒక విద్యార్థిని గురించి మాట్లాడుకుంటున్నారు. అనంతపురం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఆ అమ్మాయి తిండి మానేసి చాలా వేగంగా బరువు తగ్గింది. నెలసరి ఆగిపోయింది. అయినా ఎత్తుకు బరువు ఎంత తగి ఉందో చూపే అంకె, బీఎంఐ, ఇంకా 22 ఉంది, అంటే మామూలే.)

కౌన్సెలరు: డాక్టరు గారూ, నా అభ్యంతరం మీ వర్గీకరణ మీదే. బరువు మామూలుగా ఉందన్న ఒక్క కారణంతో ఈ అమ్మాయికి అనొరెక్సియా, అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసి చిక్కిపోయే జబ్బు, అని రాయకుండా తిండికి సంబంధించిన ‘ఇతర రుగ్మతలు’ అన్నారు. ఆ మాట విని తల్లిదండ్రులు ప్రమాదమేమీ లేదనుకుని ఊరికి వెళ్లిపోయారు.

డాక్టరు: వాళ్లు వెళ్లిపోవడం తప్పే, మేడమ్. అయినా వర్గీకరణ లేనిదే చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. చాలాకాలం కడుపు మాడ్చుకున్నవారికి ఒక్కసారిగా పూర్తి భోజనం పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. బులీమియాలో, అంటే అతిగా తిని దాన్ని వదిలించుకోవాలని చూసే జబ్బులో, పదేపదే వాంతులు చేసుకునేవారికి పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు. బింజ్ ఈటింగ్‌లోనైతే, అదుపు తప్పి తినడం, ఆపై సిగ్గుతో కుంగిపోవడం అనే చక్రాన్ని తెంచడమే ముఖ్యం.

కౌన్సెలరు: 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం-5 వచ్చేదాకా, నెలసరి వచ్చే వయసులో అది ఆగకపోతే అనొరెక్సియా అని రాయడానికి వీలుండేది కాదు, బింజ్ ఈటింగ్‌కు పూర్తిస్థాయి గుర్తింపే లేదు. ఆ గీతకు అవతల ఉండిపోయినవారు 2012లో ఆరోగ్యంగా ఉండి, మరుసటి ఏడాది జబ్బుపడ్డారా?

డాక్టరు: వాళ్లు అప్పుడూ జబ్బుతోనే ఉన్నారు, గీతే తప్పు. లావైపోతానన్న భయాన్ని నోటితో చెప్పితీరాలన్న పట్టు కూడా 2013లోనే సడలింది. మన ఇళ్లలో కడుపుబ్బరమనో, శనివారం ఉపవాసమనో చెప్పే పిల్లలకు అది మేలు చేసే మార్పు.

కౌన్సెలరు: మరి తీవ్రత సంగతి? బీఎంఐ 17, ఆపైన ఉంటే స్వల్పం, 15 కంటే తక్కువైతే అతి తీవ్రం అని అదే పుస్తకంలో ఉంది. ఎంత వేగంగా తగ్గింది, నాడి ఎంత మెల్లగా కొట్టుకుంటోంది, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా అని అడగకుండా ఆ అంకెల దగ్గరే ఆగిపోయేవారు ఎందరో ఉన్నారు.

డాక్టరు: ఇక్కడ నేను మీ పక్షమే. లక్షణాలను బట్టి తీవ్రతను పెంచి రాయవచ్చని ఆ పుస్తకమే అంటోంది. బరువు మామూలుగా కనిపించే మనిషిలోనూ గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

కౌన్సెలరు: ఇది ఎప్పటికీ నయం కాదని వాళ్ల నాన్నగారు ఎక్కడో విన్నారట. ఆయనకు ఏం చెబుతారు?

డాక్టరు: అది నిజం కాదని చెబుతాను. బోస్టన్ ప్రాంతపు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అనొరెక్సియా ఉన్నవారిలో 9 ఏళ్లకు 31 శాతం, 22 ఏళ్లకు 63 శాతం మంది కోలుకున్నారు. బులీమియా ఉన్నవారిలో 9 ఏళ్లకే 68 శాతం మంది కోలుకున్నారు.

కౌన్సెలరు: పద్దెనిమిదేళ్ల పిల్లకు నలభయ్యో ఏడు చూపిస్తారా? ఆ లెక్కలో కోలుకోవడమంటే ఏడాదిపాటు లక్షణాలు లేకపోవడమే కదా. కంచం ముందు కూర్చున్నప్పటి భయం పోయిందో లేదో అందులో ఎక్కడ తెలుస్తుంది?

డాక్టరు: పూర్తిగా తెలియదు. అయితే జబ్బు మొదలై ఎక్కువకాలం కాని చిన్నవయసువారు సాధారణంగా త్వరగా కోలుకుంటారు. ఇంట్లోవాళ్లే పూటపూటా పక్కన కూర్చుని తినిపించే పద్ధతి లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది, ఈ వయసు పిల్లల్లో మంచి ఫలితమిచ్చింది. అందుకే తల్లిదండ్రులు తిరిగి రావాలి.

కౌన్సెలరు: వాళ్లు రావాలంటే మీరిచ్చే ఉత్తరంలో నాడి వేగం, బరువు తగ్గిన తీరు, నెలసరి ఆగడం ముందుండాలి. వర్గం పేరు అసలు వద్దు.

డాక్టరు: పేరు తీసేయను. ఆమెను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అక్కడివాళ్లకు అది కావాలి. మీరు చెప్పినవన్నీ ముందు రాసి, తర్వాతే పేరు రాస్తాను. 22 అన్న అంకె పక్కన, అది క్షేమానికి గుర్తు కాదని తెలుగులోనే రాస్తాను.

కౌన్సెలరు: ఈరోజే రాయండి. వాళ్ల నాన్నగారికి నేనే ఫోన్ చేసి చదివి వినిపిస్తాను.