ఉన్నదున్నట్టు తీస్తే చాలా?

"మన చిత్తూరు కథల్ని సినిమా తీయడానికి కష్టమేముంది? పుస్తకంలో ఉన్నదున్నట్టు తీస్తే చాలు. చిన్న కథైతే సినిమాకు చాలదు. పేర్లూ ఊరూ మారిస్తే అనుమతీ అక్కర్లేదు." తిరుపతి సాహిత్యాభిమానులు ఒకరికొకరు పంపుకుంటున్న మాటలివి. మూడూ తప్పే. కథకు ఎక్కువ హాని చేసేది మొదటిది.

"పండు కుళ్ళిపోతుందేమోనని రైతు రాత్రంతా కుమిలిపోయాడు" అని కథలో ఉందనుకుందాం. చదివేవాళ్ళకు ఆ వాక్యం చాలు. కెమెరాకు కుమిలిపోవడం కనిపించదు. ఆ వాక్యాన్నే తెర వెనక గొంతుతో చెప్పిస్తే ప్రేక్షకుడు వింటాడు, అంతే. చిత్తూరు జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్ల వరస చూపించండి. రైతు ట్రాలీ ఎక్కి, పట్ట తొలగించి, ఒక కాయను బొటనవేలితో నొక్కుతాడు. మెత్తబడింది. తీసి కింద పెడతాడు. తెల్లారేసరికి అలాంటి కాయలు కుప్పయ్యాయి, వరస మాత్రం కదల్లేదు. 40 సెకన్లు, ఒక్క మాట లేదు. పుస్తకంలో లేని సీనే, కానీ పుస్తకంలోని బాధ ఇదే.

నవలకు నిడివి అడ్డం. రెండున్నర గంటల్లో 300 పేజీలు పట్టవు. సంఘటనలన్నీ ఒక్కో లైనులో రాసుకుని, ఏది తీసేస్తే తర్వాతది కూలుతుందో చూడాలి. కూలనివి తీసేయాలి. ఒకే పని చేసే ముగ్గురు బంధువుల్ని ఒకరిని చేయాలి. పాఠకులు మెచ్చిన ఘట్టాలే ఏరి పేరిస్తే కారణాలు జారిపోతాయి, నవల చదవనివాళ్ళకు ఏదీ అర్థం కాదు.

ఉన్నదున్నట్టు ఉంచాల్సింది ఒకటుంది, యాస. "పిలకాయలు", "వస్తా ఉండాడు" అనే మాటల్ని ఫ్యాక్షన్ సినిమాల సీమ యాసలోకి దయచేసి మార్చకండి. చిత్తూరు మాట తమిళం పక్కన పెరిగింది, దాని నడక వేరు.

చిన్న కథ చాలదా? పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' చిన్న కథే. దాన్ని కె.ఎస్. సేతుమాధవన్ 1995లో 'స్త్రీ'గా తీశారు, జాతీయ అవార్డు వచ్చింది. చిన్న కథను పెంచాలంటే కొత్త పాత్రల్ని తగిలించనక్కర్లేదు, రచయిత ఒక్క వాక్యంలో దాటేసిన చోట ఆగితే సరి.

ఇక అనుమతి. ఊహ ఎవరి సొత్తూ కాదని నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కాపీ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ పాత్రల తీరు, సంఘటనల వరస, మలుపులు అన్నీ ఎత్తుకుంటే పేర్ల మార్పు కాపాడదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాగా తీసే హక్కు రచయితది, పోయాక 60 ఏళ్ళపాటు వారసులది. ఫోన్లో "సరే, తీసుకో" అంటే హక్కు రాసిచ్చినట్టు కాదు, కాగితం మీద సంతకం ఉండాలి. ఆ హక్కు ఎన్నాళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే. వేరేగా రాసుకోనప్పుడు, ఏడాదిలోపు వాడుకోకపోతే హక్కు రచయితకే తిరిగి వెళ్తుంది. స్క్రిప్టుకే ఏడాది పట్టేట్టుంటే వాడుకోవడానికి అంతకంటే ఎక్కువ గడువు ఒప్పందంలోనే రాయించుకోండి.