ముడి సరిగ్గా పడాలంటే పెద్దలు చేతులు కట్టుకోవాలి

స్కౌట్ పిల్లలకు రీఫ్ నాట్, అంటే రెండు కొసల్ని కలిపే చదునైన ముడి, నేర్పడానికి అయిదు నిమిషాలు చాలు. కుడి కొస ఎడమ కొస మీదుగా, ఆ తర్వాత ఎడమ కొస కుడి కొస మీదుగా. రెండోసారీ కుడిదే పైకొచ్చిందా, అది గ్రానీ నాట్ అయిపోతుంది. లాగితే జారుతుంది, లేదా బిగుసుకుపోయి ఊడిరాదు. విరిగిన చేతిని మెడకు వేలాడదీసే గుడ్డ (స్లింగ్) కట్టేటప్పుడు రీఫ్ నాటే వేయమనేది అది చదునుగా ఉండి ఒంటికి ఒత్తుకోదని, విప్పడమూ తేలికని. మెడ వెనక వెన్నుపూస మీద కాకుండా, దెబ్బ తగిలిన వైపు కాలర్ బోన్ పైనున్న గుంట దగ్గర వేయాలి. అదే ముడితో లావు తాడుకు సన్న తాడు కలిపితే బరువు పడగానే జారిపోతుంది, అక్కడ షీట్ బెండ్ అనే మరో ముడి కావాలి.

ఇంతవరకూ వచ్చిన పిల్లలకు బ్యాడ్జ్ ఇచ్చేస్తున్నాం. ఏ ముడి ఎప్పుడు, ఎవరికోసం వేయాలో వాళ్లంతట వాళ్లు తేల్చుకునే అవకాశం మాత్రం ఇవ్వడం లేదు. స్కౌటింగ్ నడవడిని దిద్దుతుందా, లేదా అన్న చర్చ అసలు ఇక్కడ మొదలవ్వాలి.

1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పవల్ నడిపిన తొలి శిబిరానికి వచ్చింది సుమారు 20 మంది అబ్బాయిలే. కలవారి బడుల పిల్లలనూ శ్రామిక కుటుంబాల పిల్లలనూ కలిపి, నాలుగు పెట్రోళ్లుగా విడదీశాడాయన. (పెట్రోల్ అంటే బండిలో పోసేది కాదు, గస్తీ దళం.) ఒక్కో దళానికి ఒక కుర్రాడే నాయకుడు. యూనిఫారం, సెల్యూట్, జెండా అందరికీ గుర్తున్నాయి గానీ, ఆ శిబిరం నుంచి నిలబెట్టుకోవాల్సింది ఈ దళం పద్ధతినే.

దళంలో ఆరు నుంచి ఎనిమిది మంది ఉంటే బాగా నడుస్తుంది. అంతకు మించితే ఇద్దరు ముగ్గురు వెనక దాక్కుంటారు. వయసులు కలవాలి, అప్పుడే పెద్దవాడు చిన్నవాడికి నేర్పుతాడు. వంట, సామాను, ప్రథమ చికిత్స, లెక్కలు ఒక్కొక్కరికి ఒక్కోటి అప్పగించి, కొన్ని నెలలపాటు మార్చకూడదు. రోజూ మారిస్తే గొడ్డలి పోయినప్పుడు అడగడానికి మనిషే దొరకడు. దళ నాయకులంతా కూర్చునే కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో కార్యక్రమం వాళ్లే ఖరారు చేయాలి. చాలాచోట్ల స్కౌట్ మాస్టర్ ముందే రాసుకొచ్చిన జాబితాకు పిల్లలు తలూపి వెళ్లిపోతారు. అది కోర్టూ కాదు, ఆనరూ కాదు.

శిబిరంలో పొయ్యి దగ్గర చూడండి. ముందు ఎండుటాకులు, పీచు, దాని మీద అగ్గిపుల్లంత సన్నవి, తర్వాత వేలి మందం పుల్లలు, చివర్న మణికట్టంత కట్టెలు. తొందరపడి ముందే కట్టెలు పేరుస్తారు, గాలి ఆడక పొగ కమ్ముకుంటుంది. అప్పుడు మాస్టారు అగ్గిపెట్టె అందుకుంటే అయిదు నిమిషాల్లో మంట లేస్తుంది, పాఠం మాత్రం బూడిదవుతుంది. అన్నం గంట ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు. ఒళ్లు కాలే ప్రమాదం, లోతు నీళ్లు, కత్తి, ఎత్తు... పెద్దలు వెంటనే అడ్డుపడాల్సినవి ఇవి.

సేవ విషయానికొస్తే, స్కార్ఫ్ కొసకు ముడి వేసుకుని, ఆ రోజు ఒక మంచిపని చేశాక విప్పే ఆనవాయితీ చిన్నదే అయినా గట్టిది, ఎందుకంటే దానికి ఫొటో అక్కర్లేదు. ఫొటో కోసం చేసే సేవే తేడా కొడుతుంది. ఒక్కపూటలో 200 మొక్కలు నాటతారు, సెలవులొస్తే నీళ్లు పోసే దిక్కుండదు. ఒక దళం 20 మొక్కలే తీసుకుని, సెలవుల్లోనూ ఎవరి వంతు ఏ వారమో రాసుకుని, మూడో నెల, ఆరో నెల, ఏడాదికి లెక్క చూసుకుంటే అందులో బాధ్యత ఉంది. చచ్చిన మొక్కల సంఖ్య కూడా రాయాలి. వృద్ధాశ్రమానికి వెళ్లి పాటలు పాడి రావడమూ ఇంతే. వాళ్లకేం కావాలో ముందు అడిగితే చేతి గోళ్లు తీసేవాళ్లు కావాలనో, ఉత్తరం చదివిపెట్టమనో అంటారేమో.

స్కౌట్లు మిగతా పిల్లలకన్నా మెరుగని తేల్చే పోలికలను నేను అంత తేలిగ్గా నమ్మను. పట్టించుకునే తల్లిదండ్రుల పిల్లలే ఎక్కువగా చేరుతుంటే, ఆ ఘనత ఇంటిదో, దళాలన్నీ కలిసిన స్కౌట్ బృందానిదో (ట్రూప్‌దో) విడదీయడం కష్టం.

ఈ ఉద్యమానికి చీకటి కోణమూ ఉంది. లైంగిక వేధింపుల దావాల భారంతో బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. ఆ కేసులో 82,000కు పైగా క్లెయిములు దాఖలయ్యాయి. అందుకే ఏ పెద్దమనిషీ ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, ప్రతి శిబిరంలో కనీసం ఇద్దరు పెద్దలుండాలి, పెద్దల గుడారం వేరుగా ఉండాలి అన్న నియమాల్లో సడలింపు కుదరదు. దీనివల్ల దళం స్వేచ్ఛ తగ్గుతుందన్న వాదన సరికాదు. ఆ ఇద్దరూ పొయ్యి కనిపించేంత దూరంలో కుర్చీలు వేసుకుని కూర్చుంటే సరిపోతుంది, అగ్గిపెట్టె మాత్రం దళం దగ్గరే ఉండాలి.