లివర్ క్యాన్సర్‌కు డీఎన్ఏ రిపోర్టు ఒక్కటే చాలదు

విజయవాడ సూర్యారావుపేట హాస్పిటళ్లలో అయినా, గుంటూరు కొత్తపేటలో అయినా, లివర్ క్యాన్సర్ అని తేలిన పేషెంటు తాలూకు వాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న మాట: "జీన్ టెస్ట్ కూడా చేయిస్తే మంచిదంట కదా?" స్తోమత ఉన్నవాళ్లు వేలకు వేలు పోసి చేయిస్తున్నారు. రిపోర్టులో టెర్ట్ అనో, టీపీ53 అనో, సీటీఎన్ఎన్‌బీ1 అనో వస్తుంది. లివర్ క్యాన్సర్‌లో ఎక్కువగా దెబ్బతినే జన్యువులు ఇవే. కానీ వీటిలో దేన్నైనా నేరుగా అడ్డుకునే మందు ఈ జబ్బుకు ఇంకా వాడుకలోకి రాలేదు, అందుకే ఆ కాగితం పట్టుకుని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతున్నారు తప్ప చాలామందికి ట్రీట్‌మెంట్ ఏమీ మారట్లేదు. టెస్టు దండగ అని నేను అనను. డీఎన్ఏ చదివేస్తే కణం గుట్టంతా తెలిసిపోయినట్టే అనుకుంటున్నారు చూడండి, అక్కడే పొరపాటు జరుగుతోంది.

మన జన్యువుల్లో సమాచారం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పనికొచ్చే ముక్కలు ఎక్సాన్లు, మధ్యలో ఉండి తర్వాత పోయేవి ఇంట్రాన్లు. ఈ సంగతిని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ ఎవరికి వారుగా కనిపెట్టారు, 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కణం ముందు జన్యువు మొత్తాన్ని ఆర్ఎన్ఏగా రాసుకుంటుంది, తర్వాత ఇంట్రాన్లను కోసేసి ఎక్సాన్లను అతుకుతుంది, అలా అతికిన ఆర్ఎన్ఏను చదివి ప్రొటీన్ తయారుచేస్తుంది. అయితే అన్నిసార్లూ ఒకేలా అతకదు. లివర్‌లో ఉంచిన ఎక్సాన్‌ను మెదడులో వదిలేయొచ్చు, పెద్దయ్యాక ఉంచేదాన్ని కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు వదిలేసి ఉండొచ్చు. దీన్నే ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్ అంటారు. ఒకటికి మించి ఎక్సాన్లున్న మన జన్యువుల్లో 90 శాతానికి పైగా ఇలా రకరకాలుగా అతుక్కునేవే. డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా మారకుండానే ప్రొటీన్ మారిపోతుంది.

షుగర్ పేషెంటు లేని ఇల్లు మన వైపు దొరకడం కష్టం కాబట్టి ఇన్సులిన్ రిసెప్టర్‌నే, అంటే కణం మీద ఉండి ఇన్సులిన్‌ను పట్టుకునే ప్రొటీన్‌నే చూద్దాం. దీని జన్యువులో 22 ఎక్సాన్లుంటాయి. అందులో 11వది చాలా చిన్నది, ప్రొటీన్‌లో 12 అమైనో ఆమ్లాలకు సరిపడేంత మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల లివర్ ఎక్కువగా దాన్ని ఉంచుకుంటుంది, అప్పుడు వచ్చేది బి రకం, అది గ్లూకోజ్ పని చూసుకుంటుంది. ఆ ముక్క వదిలేస్తే ఎ రకం వస్తుంది. గర్భస్థ శిశువులో ఎక్కువగా ఉండేది ఇదే. ఇది ఇన్సులిన్‌తో పాటు ఐజీఎఫ్2 అనే పెరుగుదల హార్మోన్‌ను కూడా గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకుని కణానికి 'పెరుగు, రెండుగా చీలు' అని సిగ్నల్ పంపుతుంది. లివర్ క్యాన్సర్ కణితుల్లో ఈ ఎ రకం పెరుగుతోంది. ఎందుకు పెరుగుతోందో వెతికితే, ఈజీఎఫ్ఆర్ అనే ఇంకో సిగ్నల్ ప్రొటీన్ అతిగా పనిచేయడం వల్ల కత్తిరింపు చేసే ప్రొటీన్ల పాళ్లు మారిపోతున్నాయని 2013లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అంటే ఒక సిగ్నల్ వెళ్లి ఇంకో సిగ్నల్ ప్రొటీన్ రూపాన్నే మార్చేస్తోంది. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే ఇన్సులిన్ రిసెప్టర్ డీఎన్ఏ చదివితే అంతా నార్మల్ అనే వస్తుంది.

దీన్ని అఫ్లాటాక్సిన్‌తో పోల్చి చూడండి. మిర్చి యార్డు ఉన్న గుంటూరులో ఆ పేరు తెలియని వ్యాపారి ఉండడు. బూజు పట్టిన వేరుశనగలో, తడిసిన మిర్చిలో చేరే ఆ విషం టీపీ53 జన్యువులో 249వ స్థానాన్ని దెబ్బతీస్తుందని తెలుసు, అది డీఎన్ఏ టెస్టుకు దొరుకుతుంది. కత్తిరింపులో వచ్చే తేడా దొరకాలంటే ఆర్ఎన్ఏనే చదవాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడిపోవడం) ఉన్న మనిషికి లివర్‌లో గడ్డ వస్తే, సీటీలోనో ఎంఆర్ఐలోనో లక్షణాలు స్పష్టంగా ఉంటే బయాప్సీ లేకుండానే క్యాన్సర్ అని నిర్ధారిస్తారు. పేషెంటుకు అది మంచిదే, సూది గుచ్చితే రక్తస్రావం భయం ఉంటుంది. కానీ పరిశోధనకు ముక్క మిగలదు. ఆపరేషన్ చేసి తీసిన ముక్క కూడా ఫార్మలిన్‌లో పడి మైనపు దిమ్మ అయ్యేసరికి అందులో ఆర్ఎన్ఏ ముక్కచెక్కలవుతుంది. వెంటనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తే ఆ తర్వాత చాలా ఏళ్లకు కూడా చదువుకోవచ్చు.

ముంబై టాటా మెమోరియల్‌లో అలాంటి కణజాల నిధి ఉంది. మన దగ్గర మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో క్యాన్సర్ విభాగం ఉంది, విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ మెడికల్ కాలేజీలున్నాయి. వీళ్లంతా కలిసి కృష్ణా, గుంటూరు పేషెంట్ల కణజాలం దాచే ఏర్పాటు ఒకటి చేసుకోవాలి. హెపటైటిస్ బి, మద్యం, షుగర్‌తో వచ్చే ఫ్యాటీ లివర్ కలగలిసిన మన జబ్బుకు అమెరికా డేటాబేసులు పూర్తి సమాధానం ఇవ్వలేవు.

మందుల మాటకొస్తే ఆశ ఉంది. వెన్నెముక కండర క్షీణతకు 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినెర్సెన్ అనే మందు సరిగ్గా ఈ కత్తిరింపునే సరిచేస్తుంది, వదిలేస్తున్న ఎక్సాన్‌ను తిరిగి చేర్పిస్తుంది. ఇలాంటి మందులు రక్తంలోకి వెళ్తే సహజంగానే లివర్‌లో ఎక్కువగా చేరతాయి. అయితే క్యాన్సర్ కణాలతో పాటు మంచి కణాలకూ చేరతాయి, అప్పటికే సిర్రోసిస్‌తో నీరసించిన లివర్ ఎంత తట్టుకుంటుందన్నది తేలాలి. అందుకే ఎవరైనా "ఆర్ఎన్ఏ ట్రీట్‌మెంట్ ఉంది, లక్షలు కట్టండి" అంటే నమ్మకండి. లివర్ క్యాన్సర్‌లో స్ప్లైసింగ్‌ను సరిచేసే మందు ఇంకా పరిశోధన దశ దాటలేదు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి, సిర్రోసిస్ ఉన్నవాళ్లు తప్పనిసరిగా, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవడం ఇవాళ చేతిలో ఉన్న పని.

కణజాలం దాచే పని మాత్రం ఫ్రీజర్ కొంటే అయిపోదు. ఆపరేషన్ ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో 'మీ కణితి ముక్కను పరిశోధనకు దాచుకోవచ్చా' అనే ప్రశ్న తెలుగులో, విడిగా, పెద్దక్షరాల్లో ఉండాలి, వద్దన్నా వైద్యం ఆగదని పక్కనే రాయాలి. ఆ ముక్క ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరు వాడుకుంటారో పేషెంటు కూతురో కొడుకో అడిగితే జవాబు చెప్పే మనిషి ఒకరు ఆ హాస్పిటల్లో ఉండాలి.