వెన్నెల సొనాటాకు ఉరుముల తాలింపు

దయ్యాల వేషాలేసుకుని తిరిగే అక్టోబరు 31 పండగ, హాలోవీన్, దగ్గర పడుతోంది. బాధ్యత తెలిసినవాళ్లంతా భయపెట్టే పియానో సంగీతం ఎంచుకునే పనిలో పడ్డారు. ఎంచుకోవడం అనేది కాస్త పెద్ద మాటే. ఫోన్లో 'స్పూకీ పియానో' అని కొడితే మూడు గంటల వీడియో ఒకటి వచ్చి పడుతుంది. బొమ్మలో పాడుబడ్డ బంగళా, పైన గబ్బిలం, కింద పళ్లికిలించిన గుమ్మడికాయ. నొక్కగానే ఉరుము. దాని వెనకే కిర్రుమని తలుపు. ఆ తర్వాత, అవును, అదే. బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా (కొన్ని భాగాలుగా సాగే పియానో రచన), మొదటి భాగం.

పోయిన ఏడూ ఇదే. వచ్చే ఏడూ ఇదే. ప్రపంచంలో పియానో కోసం రాసినవన్నీ ఏదో అగ్నిప్రమాదంలో కాలిపోయి ఈ ఒక్కటీ మిగిలినట్టు ప్రవర్తిస్తున్నారు జనం.

సొనాటా తప్పేమీ లేదు పాపం. 1801లో రాశాడు, మరుసటేడు అచ్చయింది. తన దగ్గర పియానో నేర్చుకున్న జూలియెట్టా గ్విచ్చార్డికి అంకితమిచ్చాడు. దాని పేరులోకి వెన్నెల తెచ్చింది కూడా ఆయన కాదు, ఒక విమర్శకుడు. ఈ మొదటి భాగమంతా అత్యంత సుకుమారంగా వాయించాలని బీథోవెన్ నొటేషన్ నెత్తిమీదే రాసిపెట్టాడు. సుకుమారంగా అన్నాడు కదా, అయితే ఒక పిడుగు వేద్దాం అనుకున్న మహానుభావుడెవరో గానీ ఆయన చెవులకు ఒక నమస్కారం. పోనీ, గాలివానే కావాలనుకుందాం. అదీ ఇదే సొనాటాలో ఉంది. మూడో భాగంలో స్వరాలు అడుగు నుంచి పైకి దూసుకెళ్లి, కొసన రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ అడుగు నుంచి లేస్తాయి. తుఫాను మొత్తం పెట్టెలోనే వచ్చింది. కానీ అక్కడిదాకా వెళ్లాలంటే మొదటి భాగం అయిపోవాలి. మన వీడియోలో అది అయిపోదు, మళ్లీ మొదలవుతుంది.

ఇంతకీ ఈ సంగీతం ఎవరి గౌరవార్థం పెడుతున్నారో ఆ దయ్యం సంగతి ఎవరైనా ఆలోచించారా?

అర్ధరాత్రి అవుతుంది. దయ్యం డ్యూటీకి వస్తుంది. గొలుసులు ఈడ్చుకుంటూ గోడలోంచి దూరి, జుట్టు విరబోసుకుని, కేక పెట్టడానికి నోరు తెరుస్తుంది. స్పీకర్లోంచి మూడేసి స్వరాలు మెల్లగా, ఆగకుండా వస్తుంటాయి. దయ్యం నోరు మూసేస్తుంది. సోఫా అంచున కూలబడుతుంది. ఏమైందండీ అని అడుగుతారు ఇంట్లోవాళ్లు. "ఏం లేదండీ, బతికున్న రోజుల్లో ఒకాయన ఉండేవాడు" అంటూ గొలుసు కొసతో కళ్లొత్తుకుంటుంది. దుప్పటి కప్పుకుని దయ్యం వేషంలో తిరుగుతున్న కుర్రాడు తన దుప్పటి కొస అందిస్తాడు. అంతలో రికార్డింగులో ఉరుము. దయ్యం ఉలిక్కిపడి, "వానొచ్చేలా ఉంది, కిటికీలు వేశారా?" అంటుంది. తలుపు కిర్రుమంటుంది. ఎవరో వచ్చారనుకుని దయ్యమే లేచి వెళ్లి చూస్తుంది. ఎవరూ ఉండరు. వచ్చి కూర్చోగానే మళ్లీ కిర్రు. మళ్లీ లేస్తుంది. మూడోసారి లేవదు. "ఆ కీళ్లకి కాస్త నూనె పెట్టించండి బాబూ" అంటుంది నీరసంగా. తెల్లవారుజామున వెళ్తూ వెళ్తూ పైవాళ్లకు రిపోర్టు రాసుకుంటుంది: ఇంట్లో అందరూ తీరని దిగులులో ఉన్నారు, ఈ పరిస్థితుల్లో భయపెట్టడం మానవత్వం అనిపించుకోదు.

దిగులు వేరు, భయం వేరు అన్న సంగతి దయ్యానికి తెలిసింది. మనకు తెలియదు.

స్వరకర్త బాఖ్ పేరుమీద చలామణీ అయ్యే డి మైనర్ టొకాటా అనే ముక్క కూడా ఈ వీడియోల్లో తప్పకుండా దూరుతుంది. అది చర్చిల్లో వినిపించే ఆర్గన్ వాద్యం కోసం రాసింది. ఆర్గన్ మీద మెట్టు (కీ) నొక్కి ఉంచినంతసేపూ శబ్దం నిలబడి ఉంటుంది. పియానోలో అలా కుదరదు. సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచే ఆ స్వరం చచ్చిపోవడం మొదలవుతుంది. పియానోకు భయపెట్టే శక్తి ఉన్నదే ఆ చావులో. ఒక స్వరం పోతుంటే తర్వాతది ఎప్పుడొస్తుందా అని చెవి కాచుకుని ఉంటుంది. ఆ ఎదురుచూపులోనే మెడ వెనక వెంట్రుకలు లేస్తాయి. సరిగ్గా ఆ ఖాళీలోనే మనవాడు తలుపు కిర్రుమనిపిస్తాడు.

నిజంగా భయపెట్టే పియానో కావాలంటే స్వరకర్త లిగెటి 1950ల మొదట్లో రాసిన 'మూజికా రిచెర్కాటా' రెండో ముక్క ఉంది. మొత్తం మూడే స్వరాలు, అవీ పక్కపక్కవే. చాలాసేపు రెండిటితోనే నడుస్తుంది. మూడోది వచ్చినప్పుడు కత్తి దిగినట్టుంటుంది. ఫ్రాంజ్ లిస్ట్ చివరి రోజుల్లో, 1881లో, 'న్యుయాజ్ గ్రీ' అని రెండు పేజీల ముక్క రాశాడు. నేర్చుకుంటున్న పిల్లలు కూడా వాయించగలరు. అది ముగియాల్సిన చోట ముగియకుండా గాల్లో వదిలేసి పోతుంది. ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ 1908 నాటి 'ల జిబే' (ఉరికంబం)లో ఉరికంబానికి వేలాడే శవం, దూరంగా గంట. ఆ గంట ఒకటే స్వరం, బి ఫ్లాట్, మొదటి నుంచి చివరిదాకా. తొందరపడొద్దు, నెమ్మదించొద్దు అని షరతు. హెన్రీ కౌవెల్ 1925 నాటి 'ద బాన్‌షీ' అయితే ఇంకా విడ్డూరం. ఒకరు మెట్ల ముందు కూర్చుని పెడల్ తొక్కి పడతారు, ఇంకొకరు మూత తీసిన పియానోలో చెయ్యి పెట్టి తీగల్ని గీరుతారు. ఒక్క మెట్టూ నొక్కరు. వినేవాళ్లకు మాత్రం ప్రాణాలు పోతాయి.

ఇవన్నీ ఫోన్లోనే ఉన్నాయి. మూన్‌లైట్ సొనాటా ఉన్న చోటే ఉన్నాయి.

ఇంతవరకూ నవ్వుకుందాం, ఫర్వాలేదు. స్వరకర్త షోపాన్ ఫ్యూనరల్ మార్చ్, అంటే శవయాత్ర సంగీతం, దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వు రాదు. శవపేటికలోంచి ప్లాస్టిక్ అస్థిపంజరం లేచి కూర్చుంటే దానికి వెనక వాయించేది అదే. మొదటి నాలుగు ముక్కలు డం డం అనిపించి కోసేస్తారు. మధ్యలో ఉన్న ఆ మెత్తని పాట, దుఃఖంలో ఉన్న మనిషి తలమీద చెయ్యి వేసినట్టుండే ఆ పాట, ఒక్కడూ వినడు. 1849 అక్టోబరు 30న పారిస్‌లో మాడ్‌లేన్ చర్చిలో ఆయన శవం ముందు ఆ మార్చ్‌నే ఆర్కెస్ట్రాతో వాయించారు. సరిగ్గా హాలోవీన్‌కు ముందు రోజు. బతికుండగానే పాతేస్తారేమోనని వణికిపోయిన మనిషి ఆయన. పోయాక నా ఒళ్లు కోయండి అని బతిమాలుకున్నాడు. గుండె తీసి ఇస్తే అక్క వార్సాకు పట్టుకెళ్లింది. అలాంటివాడి శవయాత్ర సంగీతానికి అస్థిపంజరాన్ని లేపి, చాక్లెట్లు పంచి, కిసకిసలాడటానికి సిగ్గుండాలి. వాయించొద్దని కాదు. కోసి వాయించడం నీచం. మూడు నిమిషాలు కూర్చుని మధ్య భాగం వినలేని వాడికి చావుతో పరాచికాలెందుకు?

నిజంగా భయపడాలనుంటే ఆ మార్చ్ అయిపోయాక ఆపకండి. ఆ మార్చ్ కూడా ఒక సొనాటాలోదే, దాని చివరి భాగం ఒకటిన్నర నిమిషం. రెండు చేతులూ ఒకే స్వరాల్ని ఒక స్థాయి దూరంలో వాయిస్తూ, గుసగుసగా, ఊపిరి తీసుకోకుండా పరుగెత్తుతాయి. చెప్పుకోదగ్గ రాగం లేదు. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆఖరున ఒక్క పెద్ద దెబ్బ. స్వరకర్త షూమన్ అంతటివాడు కూడా ఇది సంగీతం కంటే వెక్కిరింతలా ఉందని రాశాడు. వాయించడం చాలా కష్టం అంటారా? వాయించమని మిమ్మల్నెవరన్నారు, మీరు చెయ్యాల్సింది మీట నొక్కడమే కదా.