పట్టాదారుకు పథకాలు, సాగుదారుకు నష్టాలు

తెలుగు రాష్ట్రాలలో వ్యవసాయ విధానం మీద జరిగే చర్చ ఏటా ఎకరాకు ఎంత ఇస్తున్నారు, ఖాతాలో ఎప్పుడు పడుతుంది అనే రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతోంది. వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడుతోందన్నది. 2018 మే నెలలో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు, ఆ తరువాత 5,000 రూపాయలు పట్టాదారుకే అందాయి. 2019లో కేంద్రం తెచ్చిన పీఎం కిసాన్ ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు కూడా భూమి తన పేరున ఉన్న కుటుంబానికే. కౌలు రైతులకూ సాయం అందిస్తామని 2023 ఎన్నికలలో మాట ఇచ్చి గెలిచిన పార్టీ, 2025 జనవరిలో ఎకరాకు ఏడాదికి 12,000 చొప్పున రైతు భరోసాను ప్రారంభించినప్పుడు కూడా చెల్లింపుకు ఆధారం పాసుపుస్తకమే అయింది. పేర్లు మారాయి, మొత్తాలు పెరిగాయి, ప్రభుత్వాలు కూడా మారాయి. రైతు అంటే పట్టాదారు అన్న లెక్క మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ లెక్క తప్పు. దానివల్ల కొందరు అర్హులు జాబితాలో జారిపోవడం ఒక్కటే కాదు, మన వ్యవసాయ విధానం మొత్తం గురి తప్పుతోంది. విత్తనం కొన్నది ఒకరు, ఎరువుల దుకాణంలో అప్పు రాయించుకున్నది ఒకరు, తుపానుకు పడిపోయిన చేలో నీళ్లు బయటకు తోడుకున్నది ఒకరు. ప్రభుత్వం దృష్టిలో రైతు మరొకరు. జాతీయ నమూనా సర్వే సంస్థ 2019లో చేసిన 77వ విడత సర్వే ప్రకారం దేశంలో సాగు కమతాలలో కౌలు భూమి ఉన్నవి 17.3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఏ ఊరికి వెళ్లినా ఈ సంఖ్య ఎవరికీ ఆశ్చర్యం కలిగించదు. భూమి ఉన్న కుటుంబాలు చదువులతో, ఉద్యోగాలతో, వ్యాపారాలతో పట్నాలకు, విదేశాలకు తరలిపోయాయి. పొలం కౌలుదారు చేతికి వచ్చింది, పాసుపుస్తకం యజమాని బీరువాలోనే ఉండిపోయింది. ఇందులో యజమాని తప్పేమీ లేదు. ఆ పాసుపుస్తకాన్నే పట్టుకుని పొలంలో ఎవరున్నారో చూడటానికి నిరాకరించిన విధానానిదే తప్పు.

సమస్య ఎక్కడ ముడిపడి ఉందో తెలియాలంటే రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చింది. కోనసీమ రైతులు సాగు గిట్టుబాటు కావడం లేదని సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి, పంట విరామం ప్రకటించి, మడులను బీళ్లుగా వదిలేసిన ఏడాది కూడా అదే. ఆ చట్టం కింద కౌలుదారు దరఖాస్తు చేసుకుంటే రెవెన్యూ సిబ్బంది గ్రామంలో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాశారు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, అందులో యజమాని సంతకం తప్పనిసరి కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పేరులో హక్కులు చేరాయి గానీ, కార్డు రావాలంటే 11 నెలల ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం చేయాలన్న షరతు కూడా చేరింది. ఆ ఒక్క షరతుతో కౌలుదారు గుర్తింపు ప్రభుత్వం చేతిలో నుంచి జారి యజమాని దయ మీద ఆధారపడింది. అదే ఏడాది ఆ రాష్ట్రంలో మొదలైన వైఎస్సార్ రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలుదారులకు చోటు కల్పించారు. అది మంచి నిర్ణయమే. అయితే ఆ చోటు దక్కాలంటే కార్డు కావాలి, కార్డు కావాలంటే సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడాది కౌలే ఉండదని కౌలుదారుకు తెలుసు.

తెలంగాణలో పరిస్థితి ఇంతకంటే విచారకరం. 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు 2011 నాటి చట్టం అక్కడికీ సంక్రమించింది. కొత్త చట్టం చేయనవసరం లేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు. ఆ పని సరిగా జరగలేదు. సాగులో లేని భూములకు సైతం రైతుబంధు సొమ్ము వెళ్లిందని తరువాత వచ్చిన ప్రభుత్వమే ఒప్పుకుంది. అంటే ప్రభుత్వం చేసిన ఖర్చుకూ పండిన పంటకూ లంకె తెగిపోయింది. పంటే లేని భూమికి పెట్టుబడి సాయం చేరి, పంట వేసిన మనిషికి చేరకపోతే, ఆ పథకాన్ని వ్యవసాయ పద్దు కింద రాయడం కూడా సబబు కాదు. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా విషయంలోనూ ఇదే జరిగింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే మంచి పథకం అది. గుంట భూమి ఉన్నవారికి వర్తించే ఆ బీమా, పదెకరాలు కౌలుకు చేసి అప్పులపాలై చనిపోయిన మనిషి భార్యకు వర్తించదు.

బ్యాంకుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నిబంధన లేక కాదు కష్టం. కిసాన్ క్రెడిట్ కార్డు కౌలుదారులకు, నోటిమాట మీద కౌలు చేసేవారికి, పాలుకు చేసేవారికి కూడా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనలలో స్పష్టంగా ఉంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగనక్కరలేదు. అయినా కౌలుదారు బ్యాంకుకు వెళితే మేనేజరు చూసేది సర్వే నంబరు. ఆ నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే భూమి మీద రెండు పంట రుణాలు ఇవ్వలేమంటారు. ఫలితంగా తక్కువ వడ్డీ రుణం పంట వేయని వ్యక్తికి, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ అప్పు పంట వేసిన వ్యక్తికి దక్కుతున్నాయి. ఆ అప్పు ఇచ్చిన వ్యాపారికే పంట అమ్మాలన్న కట్టడి ఉంటే మద్దతు ధర అన్న మాట కూడా అక్కడితో ముగుస్తుంది. ధాన్యం కొనుగోలు కేంద్రానికి తీసుకుపోదామన్నా, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం చేసే పంట నమోదు, అంటే ఈ-పంటలో, యజమాని పేరే ఉంటే సొమ్ము యజమాని ఖాతాలో పడుతుంది. దాన్ని అడిగి తెచ్చుకోవడానికి కౌలుదారు మళ్లీ ఆ గడప తొక్కాలి.

యజమానుల భయాన్ని తేలికగా తీసిపారేయలేము. సంతకం పెడితే భూమి పోతుందన్న అనుమానం వెనుక చరిత్ర ఉంది. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు భూమి మీద నిజంగానే హక్కులు ఇచ్చింది, ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టం కౌలుదారుకు భద్రత కల్పించడానికే వచ్చింది. రెండెకరాలను కౌలుకు ఇచ్చి ఆ శిస్తుతో బతికే వితంతువులు, వృద్ధులు కూడా యజమానులలో ఉన్నారు. కానీ ఈ భయానికి విరుగుడు సంతకం అడగడం కాదు, అసలు అడగకపోవడం. యజమాని ఏ కాగితం మీదా సంతకం చేయనప్పుడు అతని హక్కుకు వచ్చే ముప్పేమిటి? ఈ సార్వాకు ఫలానా పొలంలో ఫలానా మనిషి వరి వేశాడని ప్రభుత్వం తన కళ్లతో చూసి రాసుకుంటుంది. అది పంటకు సాక్ష్యం మాత్రమే, భూమికి దస్తావేజు కాదు. ఆ మాటను చట్టంలో రాయడం మనకు కొత్తేమీ కాదని 2011 చట్టమే చెబుతోంది.

ఇలా చూసి రాసుకోవడం ఆచరణలో సాధ్యమా అని అడిగేవారిని నేను సముద్రం ఒడ్డుకు రమ్మంటాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలంలో చేపను వదిలిపెడితేనే మిగతా ఏడాది వల నిండుతుంది కనుక ఈ నిషేధం అవసరమని మత్స్యకారులే అంగీకరిస్తారు. ఆ రెండు నెలలూ పస్తులుండకుండా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తోంది. 2019లో 4,000 నుంచి 10,000 రూపాయలకు పెరిగిన ఆ భృతిని 2025 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో 20,000 చేశారు. ఈ భృతి బోటు యజమానికి మాత్రమే ఇవ్వరు. ఆ బోటు ఎక్కి వేటకు వెళ్లే కలాసీకీ ఇస్తారు. నిషేధం మొదలయ్యాక సిబ్బంది తీర గ్రామాలకు వెళ్లి, ఏ బోటు మీద ఎవరెవరు వేటకు వెళుతున్నారో లెక్క తీస్తారు. ఆ లెక్కలో పొరపాట్లు ఉంటాయి, పేర్లు తప్పిపోయిన వారి గోడు ఏటా వింటూనే ఉంటాం. అయినా అక్కడ ప్రభుత్వం అడిగే ప్రశ్న సరైనది: వేటకు వెళ్లేది ఎవరు? బోటు కొన్నది ఎవరన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతే తీరం పొడవునా వేలాది కుటుంబాలు ఆ రెండు నెలలు ఆకలితో గడపాల్సి వచ్చేది.

కదిలే బోటు మీద, ఏడాదికో యజమాని దగ్గర పనిచేసే మనిషిని గుర్తించగలిగిన ప్రభుత్వానికి, నాలుగు నెలల పాటు ఒకే గట్టు మీద కనిపించే మనిషిని గుర్తించడం ఎందుకు చేతకాదు? సముద్రానికి పట్టా లేదు కాబట్టి అక్కడ శ్రమను చూడక తప్పలేదు. భూమికి పట్టా ఉంది కాబట్టి ఇక్కడ శ్రమను చూడనక్కరలేకపోయింది. ఈ తేడా నాకు చాలాకాలంగా మనసులో మెదులుతున్నది. మన వ్యవసాయ విధానంలోని లోపాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి నాకు కనిపించలేదు.

నిజానికి భూమి విషయంలో కూడా ఒకప్పుడు ప్రభుత్వం పొలంలోకి చూసేది. అడంగల్, పహాణీ అన్నవి పుట్టిందే అందుకు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉంది, నీటి ఆధారం ఏమిటి, అనుభవంలో ఎవరున్నారు అన్న వివరాలు సీజను సీజనుకూ అజమాయిషీ చేసి రాయాలన్నది నియమం. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే దాకా ఆ లెక్కలు కొద్దిమంది గుప్పిట్లో ఉండి ఎన్నో అక్రమాలకు దారితీశాయి, ఆ రద్దు అవసరమైనదే. అయితే వ్యవస్థతో పాటు పొలం చూసే అలవాటు కూడా క్రమంగా పోయింది. ఆ తరువాత వచ్చిన సంస్కరణలన్నీ హక్కు చుట్టూ తిరిగాయి. తెలంగాణలో 2020లో వచ్చి, 2025లో భూభారతికి చోటిచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో అనుభవదారు కాలమ్ ఉండేది కాదు. తరతరాలుగా పహాణీలో ఉన్న ఆ ఒక్క గడి తొలగడంతో సాగుదారు పేరు రాసే చోటే లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికలకు ముందు భూ హక్కు చట్టం మీద, పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ ఉండాలన్న దాని మీద ఊరూరా వాదోపవాదాలు జరిగాయి, ఎన్నికల తరువాత ఆ చట్టం రద్దయింది. ఆస్తి భద్రత గురించి ప్రజలు అంతగా ఆందోళన చెందడం సహజం. కానీ అంత పెద్ద చర్చలో ఏ పక్షమూ ఆ భూములను దున్నుతున్న వారి పేర్లు ఏ రికార్డులో ఉన్నాయని అడగలేదు.

ఈ చూపు మారనంత కాలం నష్టపోయేది కౌలుదారు ఒక్కడే కాదు. దేశంలో సాగు కమతాలు నిర్వహిస్తున్న వారిలో మహిళలు 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సుమారు 14 శాతమే. నాట్లు, కలుపు, పత్తి తీత, మిరప కోత ఎవరి చేతుల మీదుగా జరుగుతున్నాయో తెలిసిన వారెవరూ ఆ అంకెను పొలంలో పడే శ్రమకు కొలతగా తీసుకోరు. అది భూమి కాగితానికి కొలత. పోడు చేసే ఆదివాసీ, గొర్రెలు కాసే కాపరి, చెరువులో చేప పట్టే మనిషి కూడా ఇదే కారణంగా రైతు అన్న మాటకు బయటే ఉండిపోయారు. ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ సిఫార్సుల ఆధారంగా కేంద్రం 2007లో ఆమోదించిన జాతీయ రైతు విధానం, రైతు అన్న మాటకు నిర్వచనం ఇచ్చింది. అందులో కౌలుదారులు, పాలుదారులు, వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు, పశుపోషకులు, సంచార కాపరులు, పోడు చేసే గిరిజనులు అందరూ ఉన్నారు. భూమి హక్కుతో పనిలేకుండా, పండించే పనితో రైతును గుర్తించిన నిర్వచనం అది. 2019లో పీఎం కిసాన్ రాసినప్పుడు కేంద్రం తన సొంత నిర్వచనాన్ని పక్కన పెట్టి భూమి రికార్డులను ఆధారంగా తీసుకుంది.

ఇప్పుడు చేయవలసిన పనికి కొత్త యంత్రాంగం అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదుకు సిబ్బంది పొలానికి వెళుతూనే ఉన్నారు, ఫొటో తీస్తూనే ఉన్నారు. ఆ నమోదులో సాగుదారు పేరు రాయడానికి యజమాని అనుమతి అక్కరలేదని చట్టంలో ఒక్క సవరణ చేయాలి. నమోదు ముగిసే ముందు గ్రామసభలో సర్వే నంబర్ల వారీగా పేర్లు చదవాలి. పక్క పొలం వాళ్లకు తెలియకుండా ఎవరూ పంట వేయలేరు, వేయని పంట వేశామని చెప్పుకోలేరు. పశ్చిమ బెంగాల్ 1978 తరువాత ఆపరేషన్ బర్గాలో ఊళ్లలోనే శిబిరాలు పెట్టి, అందరి ఎదుటా విచారించి సుమారు 14 లక్షల మంది పాలుదారుల పేర్లు రికార్డు చేయగలిగింది, అదీ కంప్యూటరు లేని రోజుల్లో. అక్కడ పాలుదారుకు సాగు మీద శాశ్వత హక్కు కూడా ఇచ్చారు; ఇక్కడ అడుగుతున్నది ఒక పంటకాలానికి ఒక పేరు మాత్రమే. ఆ పేరు మీదే పంట బీమా, పెట్టుబడి రాయితీ, ధాన్యం సొమ్ము, పంట రుణం నడవాలి. తెలంగాణలో పహాణీలోని ఆ గడిలో సాగుదారు పేరు రాసి, 2011 చట్టం కింద వచ్చే వానాకాలానికల్లా కార్డులు ఇవ్వడం మొదలుపెట్టాలి. యజమానికి అందుతున్న పీఎం కిసాన్‌ను ఆపమని ఎవరూ అడగడం లేదు. పంట పోయినప్పుడు వచ్చే పరిహారం, పంట పోగొట్టుకున్న మనిషి ఖాతాలో పడాలని అడుగుతున్నాం.